ఇంట్లో ఖావ్ సోయ్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఖావ్ సోయ్ అంటే ఏమిటి?

ఉత్తర థాయ్‌లాండ్‌లో, ముఖ్యంగా చియాంగ్ మై నగరంలో తినే కూర నూడుల్స్. గిన్నె అడుగున ఉడికిన గుడ్డు నూడుల్స్, వాటి మీద కొబ్బరిపాల కూర, అందులో చెంచా తగిలితే విడిపోయేంత మెత్తగా ఉడికిన బీఫ్ గానీ కోడి కాలు గానీ ఉంటాయి. అన్నిటికన్నా పైన గుప్పెడు కరకరలాడే వేయించిన నూడుల్స్. పక్కన చిన్న పళ్లెంలో పులియబెట్టిన ఆవాకు, పచ్చి చిన్న ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్క, నూనెలో వేయించిన మిరప్పొడి ఇస్తారు.

థాయ్ వంట అనగానే గుర్తొచ్చే ఆకుపచ్చ కూర, ఎర్ర కూరల కంటే ఇందులో ఎండు మసాలాల వాసన ఎక్కువ. ధనియాలు, పసుపు, నల్ల యాలక్కాయ, కర్రీ పౌడర్ వంటివి పడతాయి కాబట్టి మొదటిసారి తిన్నవాళ్లకి కూడా ఎక్కడో తెలిసిన రుచిలాగే ఉంటుంది.

థాయ్‌లో ఖావ్ అంటే బియ్యం కదా, మరి గోధుమ నూడుల్స్ ఎందుకు?

పేరు గురించి అక్కడే ఏకాభిప్రాయం లేదు. థాయ్‌లో సోయ్ అంటే సన్నగా తరగడం. పిండిని పలకలా చేసి కత్తితో తరిగేవాళ్లు కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరంటారు. బర్మీస్‌లో నూడుల్స్‌ని ఖావ్ స్వే అంటారు, ఆ మాటే ఇలా మారిందని ఇంకొందరు. రెండూ నమ్మేలాగే ఉన్నాయి.

ఈ వంట చియాంగ్ మైకి ఎలా వచ్చింది?

ఎక్కువమంది చెప్పేది చైనాలోని యునాన్ ముస్లిం వర్తకుల కథ. థాయ్‌లు వాళ్లని చిన్ హో అంటారు. కంచరగాడిదల మీద సరుకు వేసుకుని యునాన్ నుంచి బర్మా, ఉత్తర థాయ్‌లాండ్, లావోస్ మీదుగా తిరిగేవాళ్లు. 1856 నుంచి 1873 వరకు యునాన్ ముస్లింలు సాగించిన పాంథే తిరుగుబాటు అణచివేత తర్వాత చాలామంది దక్షిణానికి వచ్చి స్థిరపడ్డారు. చియాంగ్ మైలో నైట్ బజార్ దగ్గర బాన్ హో మసీదు ఇప్పటికీ ఉంది. దాని ఎదురుగా శుక్రవారం ఉదయం సంత జరుగుతుంది. ఆ వీధిలో ఖావ్ సోయ్ అంటే బీఫ్ లేదా కోడి, పంది ఉండదు.

కొబ్బరిపాలు తర్వాత చేరాయంటారు. యునాన్ కొండల్లో కొబ్బరిచెట్లు ఉండవు కాబట్టి ఆ మాట నాకు సబబుగానే తోస్తుంది.

బర్మా, లావోస్‌ల వంట కూడా ఇదేనా?

బంధువులే కానీ ఒకటి కాదు. బర్మా వాళ్ల ఓన్ నో ఖావ్ స్వేలో కూడా కొబ్బరిపాలు, కోడి ఉంటాయి, కానీ దాన్ని శనగపిండితో చిక్కబరుస్తారు, మసాలా తక్కువ. లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్‌లో ఖావ్ సోయ్ అడిగితే కొబ్బరిపాలే ఉండవు. వెడల్పాటి బియ్యపు నూడుల్స్, తేట రసం, పైన టమాటా, పులియబెట్టిన సోయా గింజలతో వండిన పంది కైమా వస్తుంది. చియాంగ్ మై రుచి ఊహించుకుని వెళితే కంగు తింటారు.

వండటానికి ఎంతసేపు పడుతుంది?

కోడితో అయితే గంటన్నర. బీఫ్‌తో అయితే మూడున్నర గంటలు, కానీ అందులో మీరు పొయ్యి దగ్గర నిలబడాల్సింది గంట కూడా ఉండదు. మిగతాదంతా సన్నని సెగ చూసుకుంటుంది.

నలుగురికి ఏమేం ఎంతెంత కావాలి?

బీఫ్ 750 గ్రాములు, లేదా నాలుగు కోడి కాళ్లు తొడతో సహా. కొబ్బరిపాలు 800 మిల్లీలీటర్లు, అంటే రెండు మామూలు డబ్బాలు. నీళ్లు లేదా ఎముకల రసం బీఫ్‌కి లీటరు, కోడికి 600 మిల్లీలీటర్లు. తాజా గుడ్డు నూడుల్స్ అర కిలో. అందులో 100 గ్రాములు వేయించడానికి పక్కన పెట్టుకోండి.

ముద్దకి ఎండుమిరపకాయలు 8, చిన్న ఉల్లిపాయలు 100 గ్రాములు, వెల్లుల్లి రెబ్బలు 6, రెండంగుళాల అల్లం, చిటికెన వేలంత పచ్చి పసుపు కొమ్ము, నాలుగు కొత్తిమీర వేర్లు, చెంచాన్నర ధనియాలు, ఒక నల్ల యాలక్కాయ గింజలు, ఒక టేబుల్ స్పూన్ కర్రీ పౌడర్. పచ్చి పసుపు లేకపోతే ఒక టీస్పూన్ పసుపు చాలు. కొత్తిమీర వేర్లు దొరక్కపోతే కాడలు వేయండి, ఆకు మాత్రం వద్దు, రంగు చెడగొడుతుంది.

రుచికి మూడు టేబుల్ స్పూన్ల ఫిష్ సాస్, ఒక టేబుల్ స్పూన్ తాటిబెల్లం. ఇవి మొదలుపెట్టడానికి లెక్కలు మాత్రమే. చివర్లో నాలుకే చెప్పాలి.

ఏ మాంసం తీసుకోవాలి?

బీఫ్ అయితే పిక్క భాగం. కోసినప్పుడు కండల మధ్య తెల్లటి పట్టీలు, నరాల్లాంటి గీతలు కనిపించాలి. చూడ్డానికి అది చవక మాంసంలా ఉంటుంది, నిజానికి ఈ కూర నిలబడేది దానిమీదే. ఆ పట్టీల్లో ఉండే కొల్లాజెన్ గంటల తరబడి వేడిలో ఉంటే జెలటిన్‌గా కరుగుతుంది. ముక్క మెత్తబడటం, రసం పెదాలకి కాస్త జిగురుగా తగలడం రెండూ దాని పనే. కొవ్వులేని నున్నటి కండ కొంటే మూడు గంటలు ఉడికినా పీచుపీచుగా ఎండిపోతుంది. ముక్కలు రెండంగుళాలకి తగ్గకుండా కొట్టించండి, ఉడికేసరికి బాగా కుంచించుకుపోతాయి.

మేకమాంసం కూడా బాగుంటుంది. కాలి ముక్కలు, మెడ ముక్కలు తీసుకుని రెండు గంటలు ఉడికించండి.

కోడి బ్రెస్ట్ పీసులతో చేయొచ్చా?

వద్దు. ముప్పావు గంట సన్నసెగ మీద ఉంచితే చెక్కపొట్టులా అవుతుంది. లెగ్ పీసులే తీసుకోండి, ఎముక తీయకండి.

ముద్ద రోట్లోనే నూరాలా? మిక్సీ వేస్తే రుచి తగ్గుతుందా?

మిక్సీ చాలు. రుచి తేడా వచ్చేది దానికి ముందు చేసే పనిలో. ఉల్లిపాయలు, వెల్లుల్లి, అల్లం, పసుపు కొమ్ము పొట్టుతోనే పొడి పెనం మీద అక్కడక్కడా నల్లమచ్చలు పడేదాకా కాల్చాలి. ఉత్తర థాయ్ వంటలో ఇలా నిప్పుల మీద కాల్చి నూరడం మామూలే. లోపల మెత్తబడి తీపెక్కుతాయి, పచ్చివాసన సగం అక్కడే పోతుంది. తర్వాత పొట్టు తీయండి. ధనియాలు, యాలక్కాయ గింజలు విడిగా దోరగా వేయించి ముందు పొడి కొట్టుకోండి. మిరపకాయలు గింజలు దులిపి పావుగంట గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టండి.

మిక్సీ తిరగకపోతే నీళ్లు పోయకుండా కొంచెం కొబ్బరిపాలు పోయండి. నీళ్లు పోస్తే తర్వాత ఆ నీరు ఇగిరేదాకా ముద్ద వేగదు, ఊరికే ఉడుకుతుంది.

నల్ల యాలక్కాయ లేకపోతే?

ఉంటేనే వండమని చెప్పేంత మొండిదాన్ని కాదు గానీ, దాన్ని వెతికి తెచ్చుకోవడం మేలు. థాయ్‌లో చా-కో అంటారు. మంట సెగ మీద ఎండబెడతారు కాబట్టి పొగవాసన ఉంటుంది, కూరకి ఆ లోతు ఇచ్చేది అదే. బిర్యానీలో వేసే నల్ల యాలక్కాయ దాని దగ్గరి చుట్టం, హాయిగా వాడొచ్చు. పచ్చ యాలకులు వేయకండి, కూర పాయసం వాసన కొడుతుంది.

కొబ్బరిపాలు విరగ్గొట్టమంటున్నారు. విరిగితే కూర పాడైనట్టు కాదా?

చాలామందికి టెన్షన్ పెట్టే ఘట్టం ఇదే. కొబ్బరిపాలు విరక్కుండా చూసుకోవడం మనకి అలవాటు. పాలు పోశాక తెర్లనివ్వకుండా దించేస్తాం. ఇక్కడ మొదటి పని దానికి సరిగ్గా తిరగబడి ఉంటుంది, కావాలనే విరగ్గొట్టాలి. డబ్బా కదపకుండా తెరిచి, పైన పేరుకున్న చిక్కటి మీగడ ఒక కప్పు తీసి, మందపాటి గిన్నెలో మధ్యస్థం సెగ మీద పెట్టండి.

మొదటి మూడు నిమిషాలు తెల్లగా బుడగలు వస్తాయి, పాలు పొంగే చప్పుడే వినిపిస్తుంది. తర్వాత బుడగలు పెద్దవై, బద్ధకంగా పగులుతూ ఉంటాయి. ఆరో ఏడో నిమిషానికి చప్పుడు మారుతుంది. కుతకుత పోయి, పోపు వేగుతున్నట్టు సన్నటి చిటపట మొదలవుతుంది. గిన్నె అంచు చూడండి, తేట నూనె గీతలా కనిపిస్తుంది, మధ్యలో మీగడ గడ్డలు గడ్డలుగా విడిపోయి ఉంటుంది. అప్పుడు ముద్ద వేయండి. ముద్ద వేగేది ఆ కొబ్బరినూనెలోనే. ఏడెనిమిది నిమిషాలు అడుగంటకుండా తిప్పుతూ ఉంటే నారింజ రంగు నూనె పైకి తేలుతుంది. నూనె తేలేదాకా వేయించడం తెలిసినవాళ్లకి ఇక్కడ కొత్తగా నేర్చుకునేది ఏమీ లేదు.

పావుగంట అయినా నూనె తేలడం లేదు. ఎందుకు?

డబ్బా వెనక పదార్థాల పట్టీ చదవండి. కొబ్బరి, నీళ్లు కాకుండా గమ్ములు, ఎమల్సిఫయర్లు ఉంటే ఆ పాలు తేలిగ్గా విరగవు, వాటిని వేసేదే విరక్కుండా ఉండటానికి. ఎదురుచూస్తూ కూర్చోకండి. రెండు చెంచాల మామూలు నూనె పోసి ముద్ద వేసేయండి. తినేవాళ్లెవరూ కనిపెట్టలేరు.

కొబ్బరిపాలు మొత్తం ముందే పోసి అందులోనే మాంసం ఉడికించొచ్చా?

నేను మొదట్లో అలాగే చేసేదాన్ని. మూడు గంటల తర్వాత కూర మీద వేలెడు మందాన నూనె, కింద రవ్వరవ్వగా విరిగిన పాలు, కొబ్బరి రుచి మాత్రం ఎక్కడా లేదు. మాంసానికీ కొబ్బరికీ కావలసిన సమయం వేరువేరు అని అర్థం కావడానికి నాకు నాలుగుసార్లు పట్టింది.

మాంసం ఉడకాల్సింది నీళ్లలో. వేగిన ముద్దలో ముక్కలు వేసి ఐదు నిమిషాలు తిప్పి, నీళ్లు, సగం ఫిష్ సాస్, బెల్లం వేసి, పొంగు వచ్చాక సెగ బాగా తగ్గించి మూత కాస్త వారగా పెట్టండి. మిగిలిన కొబ్బరిపాలు ముక్క మెత్తబడ్డాకే పోయండి. పోశాక పది నిమిషాలు, అదీ బుడగ రాకుండా. అంటే మొదట పావు వంతు పాలు విరగాలి, చివర పోసే ముప్పావు విరక్కూడదు. కోడి కూరకి కూడా ఇదే పద్ధతి, ముప్పావు గంటలో అయిపోతుంది కాబట్టి నష్టం తక్కువంతే.

గంటన్నర ఉడికింది, ముక్క ఇంకా రబ్బరులా ఉంది. సెగ పెంచనా?

పెంచకండి. బీఫ్ గంట, గంటన్నర మధ్య మొదటికంటే గట్టిగా అనిపిస్తుంది. కండ ముందే బిగుసుకుంటుంది, కొల్లాజెన్ కరగడానికి ఇంకా టైం కావాలి. ఇక్కడే అందరూ కంగారుపడి మంట పెంచుతారు. మంట పెంచితే కండ ఇంకా బిగుసుకుని రసం వదిలేస్తుంది, లోపలి పట్టీలు మాత్రం అంత త్వరగా కరగవు. గిన్నెలో రెండు మూడు సెకన్లకి ఒక బుడగ లేస్తూ ఉంటే సెగ సరిపోయినట్టు. రెండుంబావు గంటలప్పుడు ఒక ముక్క తీసి చెంచా అంచుతో నొక్కి చూడండి. తెగితే పాలు పోసే వేళ అయినట్టే. తెగకపోతే మళ్లీ అరగంట.

ప్రెజర్ కుక్కర్‌లో?

చేయొచ్చు, పనిరోజుల్లో నేనూ అదే చేస్తాను. ముద్ద వేయించడం మామూలుగానే చేసి, ముక్కలు, 600 మిల్లీలీటర్ల నీళ్లు పోసి మూత పెట్టండి. విజిల్స్ లెక్క నేను నమ్మను, ఒక్కో కుక్కర్ ఒక్కోలా కూస్తుంది. మొదటి విజిల్ వచ్చాక సెగ తగ్గించి బీఫ్‌కి 35 నుంచి 40 నిమిషాలు, కోడికి 10. ఆవిరి దానంతట అదే పోనివ్వండి. కొబ్బరిపాలు మూత తీశాకే.

కూర ఎంత చిక్కగా ఉండాలి?

చారుకీ ఇగురుకీ మధ్య. గరిటె వెనక పలచగా అంటుకోవాలి, నూడుల్స్ మీద పోస్తే అడుగుదాకా దిగాలి. వడ్డించేముందు విడిగా రుచి చూస్తే కొంచెం ఉప్పగా, ఘాటుగా అనిపించాలి, ఎందుకంటే నూడుల్స్‌లో ఉప్పు ఉండదు. చియాంగ్ మైలో పలచగా పోసే కొట్లూ ఉన్నాయి, చిక్కగా పోసేవీ ఉన్నాయి.

నూడుల్స్ ఏవి కొనాలి, ఎప్పుడు ఉడికించాలి?

గోధుమపిండి, గుడ్డుతో చేసిన బల్లపరుపు నూడుల్స్. తాజావి దొరికితే మంచిది, ఎండువైనా ఫరవాలేదు. ఇన్‌స్టంట్ నూడుల్స్‌తో మొదటి రెండు ముద్దలే బాగుంటాయి, ఆ తర్వాత నానిపోతాయి.

ఉడికించడం ఎప్పుడూ విడిగా, ఎప్పుడూ చివర్లో. ఒకసారి ఆరుగురు భోజనానికి వస్తున్నారని, పని అయిపోతుందని, నూడుల్స్ అరగంట ముందే కూరలో వేసి మూత పెట్టాను. మూత తీసేసరికి రసం అంతా పీల్చేసి ఒకే ముద్దయింది. గరిటెతో కోసి వడ్డించాను. అతిథులు మర్యాదస్తులు కాబట్టి మారు అడిగారు.

పెద్ద గిన్నెలో నీళ్లు తెర్లుతుండగా తాజావైతే నిమిషం, ఎండువైతే నాలుగైదు నిమిషాలు. పలుకు ఉండగానే వార్చి నేరుగా గిన్నెల్లో పెట్టండి. ముందే ఉడికించక తప్పకపోతే చన్నీళ్లలో కడిగి, చెంచా నూనె పట్టించి, వడ్డించేటప్పుడు వేడినీళ్లలో పది సెకన్లు ముంచి తీయండి.

పైన వేసే నూడుల్స్ వేయించడం ఎలా?

ఉడకని తాజా నూడుల్స్‌నే వేయించాలి. ఉడికినవి తడితో నూనెలో వేస్తే చిందుతుంది, చేతులు కాలతాయి. అంటుకున్న పిండి దులిపి, పోగులు విడదీసి చిన్న గుప్పెళ్లుగా పెట్టుకోండి. బాణలిలో నూనె మూడో వంతుకి మించకూడదు, నురుగు పైకి లేస్తుంది. ఒక్క పోగు వేసి చూడండి. అడుగుకి వెళ్లి వెంటనే బుడగలతో పైకొస్తే నూనె కాగినట్టు. థర్మామీటర్ ఉంటే 180 డిగ్రీలు.

గుప్పెడు వేయగానే పక్షిగూడులా విచ్చుకుని ఉబ్బుతుంది. పదిహేను ఇరవై సెకన్లకి తిరగేసి, ఇంకో పది సెకన్లకి తీసేయండి. కావలసిన రంగు రాకముందే తీయాలి, బయటికొచ్చాక కూడా ముదురుతుంది. ఎండు నూడుల్సే ఉంటే సగం ఉడికించి, గుడ్డ మీద పూర్తిగా ఆరబెట్టి వేయించండి.

పక్కన ఇచ్చేవన్నీ అవసరమా?

అన్నీ అవసరమే. కొబ్బరి కూర వెగటు కొట్టకుండా చూసేవి అవే. పులియబెట్టిన ఆవాకు దొరికితే కడిగి, పిండి, సన్నగా తరగండి. దొరక్కపోతే పచ్చి ఆవాకు తరిగి ఉప్పు రుద్ది అరగంట ఉంచి, పిండేసి, వెనిగర్, చిటికెడు పంచదార వేసి గంట నాననివ్వండి. పులిసిన రుచి రాదు, పులుపు వస్తుంది. మిరప్పొడి వేయించేటప్పుడు నూనె వేడి చేసి, స్టవ్ ఆపి, నిమిషం ఆగి పొడి వేయండి. స్టవ్ మీదుండగా వేస్తే మాడి ఇల్లంతా దగ్గే.

ఉప్పు ఎక్కువైంది. ఏం చేయాలి?

ఇంకొంచెం కొబ్బరిపాలు, కొంచెం వేడినీళ్లు. ఫిష్ సాస్ బ్రాండ్‌కో రకంగా ఉప్పు ఉంటుంది, అందుకే సగం మాత్రమే ముందు వేయమన్నాను.

పిల్లలు కారం తినరు.

మిరపకాయలు మూడుకి తగ్గించి గింజలు పూర్తిగా తీసేయండి. కారం కావలసిన పెద్దవాళ్లకి వేయించిన మిరప్పొడి ఎలాగూ ఉంది.

మాంసం లేకుండా చేయొచ్చా?

ముద్ద అదే. పుట్టగొడుగులు, వేయించిన టోఫు వేసి ఇరవై నిమిషాలు ఉడికించి, ఫిష్ సాస్ బదులు సోయా సాస్ వాడండి. గంటల తరబడి ఉడికించే పని ఉండదు. మాంసం ఇచ్చే జిగురు రాదు కాబట్టి నీళ్లు తగ్గించుకోండి.

ముందురోజే వండి పెట్టుకోవచ్చా? మిగిలితే ఎన్నాళ్లు ఉంటుంది?

బీఫ్ కూర మర్నాటికి ఇంకా బాగుంటుంది. నేనైతే కొబ్బరిపాలు పోయకముందు ఆపి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెడతాను. తెల్లారేసరికి జెల్లీలా గడ్డకడుతుంది, అదే మంచి పిక్క మాంసం తెచ్చారనడానికి గుర్తు. పైన పేరుకున్న కొవ్వు సగం తీసేసి, మిగతాది ఉంచి, వేడి చేసి అప్పుడు పాలు పోస్తాను.

మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. మూడు రోజులు వాడుకోవచ్చు, ప్రతిసారీ తినబోయేంత మాత్రమే తీసి తెర్లేదాకా వేడి చేయండి. పాలు పోసిన కూర ఫ్రీజర్‌లో పెడితే విరిగినట్టు కనిపిస్తుంది, వేడి చేస్తూ కలిపితే చాలావరకు కలిసిపోతుంది. ఉడికిన నూడుల్స్ మాత్రం దాచకండి. వేయించినవి గాలి చొరని డబ్బాలో మూడు నాలుగు రోజులు కరకరలాడుతూనే ఉంటాయి, పిల్లల కంటపడకపోతే.